అతిమధురం సగమే

మార్చి 3
కడుపులో అల్సరట. కూతురు వాన్‌ఛింగ్ చెప్పింది. మన చైనా మూలికల వైద్యంలోనే పెద్ద డాక్టరు. స్కానింగ్ కాగితాలు మాత్రం తన సంచిలోనే ఉంచుకుంది. మా ఆవిడ రుయిఫెన్ వెంటనే నా మిరపకాయల సీసా ఎత్తి దాచేసింది. ముసలోడా, ఇక మూడు పూటలా గంజి తాగి పడుండు అంది. అల్సర్‌కు తిట్లు పథ్యం కాబోలు.

మార్చి 6, ఉదయం 7
మొదటి కషాయం. ఒక్క గుక్క తాగి గిన్నె దించేశాను. సముద్రపు నాచు రుచి, దాని వెనకే అతిమధురం.

బోఝౌ మూలికల బజారులో నలభై ఒక్క ఏళ్లు పొట్లాలు కట్టాను. ఈ రెండూ ఒకే పొట్లంలో పడకూడదు. ఇలా ఒకదానికొకటి పడని మూలికలను పద్దెనిమిది వైరాలని మా గురువు పాటలా వల్లె వేయించాడు. పొరపాటున కలిపితే చెవి మెలేసేవాడు. తెలిసి కలిపేది ఒంట్లో గడ్డలు కరిగించడానికే.

మిగతాది తాగేశాను. బాగుందని కూడా అన్నాను.

మార్చి 7
కాన్సర్.

మార్చి 15
అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. మా దగ్గర ఇంతే, జబ్బు ఆ మనిషికి తప్ప అందరికీ తెలుస్తుంది. మా అమ్మకు నేనూ ఇలాగే చేశాను. కడుపులో వాపంతే అన్నాను. చివరిదాకా నమ్మిందనుకున్నాను. ఇప్పుడు అనుమానంగా ఉంది.

రుయిఫెన్‌కు నలభై ఆరేళ్లలో ఒక్క అబద్ధం తిన్నగా ఆడటం రాలేదు. ఇప్పుడు ఎంత బాగా ఆడుతోందో. నాకు తెలుసంటే కుప్పకూలిపోతుంది. సొంత ఇంట్లోనే ఖైదీనయ్యాను.

ఏప్రిల్ 2
కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. బీపీ 170. ఇది అతిమధురం పనే, ఎక్కువైతే ఒంటికి నీరు పట్టిస్తుంది. పొట్లం విప్పి తూచాను. పదిహేను గ్రాములు! తగ్గించమంటే, రుచి చూసి అంతా కనిపెట్టానని ఒప్పుకున్నట్టే. దళసరి మేజోళ్లు తొడుక్కున్నాను.

ఏప్రిల్ 3
రుయిఫెన్ పొద్దున్నే పార్కులో ఆడవాళ్లతో డాన్సుకు పోతుంది. ఆ గంటలో వారం పొట్లాలన్నీ విప్పి, అతిమధురం సగం ఏరి తేయాకు డబ్బాలో పోసి, మళ్లీ కట్టాను. ముడి అచ్చం అదే. చేతులు ఇంకా మర్చిపోలేదు. దొంగతనం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు.

ఏప్రిల్ 19
వాపు దిగింది. కొత్త పొట్లాలు వచ్చిన ప్రతిసారీ అదే దొంగతనం. వాన్‌ఛింగ్ బీపీ చూసి రాసుకుంది. నాన్నా, నీ ఒళ్లు ఇనుము అంది.

ఏప్రిల్ 26, సాయంత్రం
గోడ అవతల తల్లీకూతుళ్ల గుసగుసలు. మా గోడలు పలచన.

ఈ జోడీ మందును ఆసుపత్రిలో ఇంకో పన్నెండు మందికి ఇస్తున్నారట, ఎనిమిది గ్రాములతో. కాళ్లు వాస్తాయేమోనని డోసు పెంచలేదట. నాన్న గడ్డ పెద్దది, ఆగే టైం లేదు, అందుకే పదిహేనిచ్చాను అంది. డెబ్భై మూడేళ్ల మనిషే తట్టుకున్నాడు, ఇంక భయమేముంది, సోమవారం నుంచి అందరికీ పదిహేనే అంది. నవ్వుతోంది కూడా.

నేను తాగుతున్నది ఏడున్నర. ఆ సంగతి నాకు ఒక్కడికే తెలుసు.

ఏప్రిల్ 27
పన్నెండు మంది. వాళ్ల ఇళ్లలో పొట్లం విప్పి తూచే ముసలాడు ఎక్కడుంటాడు? నోరు మూసుకుంటే వాళ్లు. తెరిస్తే రుయిఫెన్.

ఏప్రిల్ 28, ఆదివారం
రుయిఫెన్ కూరగాయలకు వెళ్లగానే వాన్‌ఛింగ్ ముందు డబ్బా బోర్లించాను. బల్ల నిండా అతిమధురం ముక్కలు. అల్సర్‌కు నాచుతో దీన్ని ఎవరూ కలపరమ్మా అన్నాను. కాళ్ల సంగతీ చెప్పాను.

ఎప్పట్నుంచి తెలుసు అని అడిగింది. మొదటి గుక్క నుంచి అన్నాను.

ముందు ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఎవరికీ ఒక్క గ్రాము పెంచొద్దు, నా లెక్క తప్పు అని గట్టిగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక, పొట్లాలు కట్టి నన్ను చదివించినవాడికి రుచి తెలియదని ఎలా అనుకున్నాను నాన్నా అంటూ నా భుజం మీద రెండు దెబ్బలు వేసింది. నొప్పి పుట్టింది. ప్రాణం లేచొచ్చింది కూడా.

అమ్మకు మాత్రం చెప్పకు అన్నాను.

ఏప్రిల్ 29
చెప్పేసింది.

రుయిఫెన్ కషాయం గిన్నె నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎనిమిది వారాల ఏడుపు. మధ్యలో ముక్కు చీదుకుని, చూస్తావేం, చల్లారిపోతోంది, తాగు అని తిట్టింది.