నేను లాక్కున్న వేపపుల్ల

బళ్ళారి,
జీన్స్ షెడ్డు వెనక గది నుంచి.

పీరమ్మక్కకు తమ్ముడు ఖాసిం సలాం చేసి రాసేది.

నువ్వు, బావ, పిల్లలు సుఖంగా ఉన్నారని తలుస్తాను. అమ్మ ఎలా ఉందని అడిగే మొహం మాత్రం నాకు లేదు. నేను బాగానే ఉన్నాను. కుడి దవడ పన్ను ఒకటి పీకించుకున్నాను, అంతే, కంగారు పడొద్దు. మన వీధి మస్తానప్ప ఈ సాయంత్రం తెక్కలకోట బస్సుకు వస్తున్నాడు, ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నా. అందగానే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదువు. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, చదవడం మాత్రం ఆపొద్దు.

ఇక్కడ పని బాగానే ఉంది. పండగ ముందు ఆర్డర్లు ఎక్కువ, ఆదివారం కూడా మెషిన్ ఆగడం లేదు. ఎండలు అప్పుడే ముదిరాయి. రేకుల షెడ్డులో నీలం పీచు గాల్లో తేలుతుంటే మధ్యాహ్నానికే గొంతు ఆరిపోతుంది. తెల్లవారకముందే సహరీకి నేనే ఇంత అన్నం వండుకుంటాను. ఇఫ్తార్‌కు మసీదులో ఖర్జూరం, గంజి పెడతారు. తిండికి లోటు లేదని అమ్మకు చెప్పు. నీ పిల్లలు పళ్ళెం మీద పడి కొట్లాడుకునే గోల లేదు, అదే లోటు.

ఇక అసలు సంగతికి వస్తాను. రంజాన్ మొదట్లో నేను ఊరికి వచ్చినప్పుడు అమ్మ తెల్లారి పెరట్లో వేపపుల్ల నములుతూ నిలబడింది. నేను పోయి చేతిలోంచి లాక్కుని గోడ అవతల పారేశాను. "రోజా ఉండి పుల్ల నమిలితే రోజా పోతాదమ్మా! నోరు కడిగేదే వద్దు. ఆ వాసన అల్లాకు కస్తూరి కంటే ఇష్టం" అన్నాను. పక్కింటివాళ్ళు చూస్తున్నారని తెలిసి ఇంకాస్త గట్టిగా అన్నాను. దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడం, మనకు దీన్, మతం సంగతులు ఏం తెలుసని నలుగురూ ఎగతాళి చేస్తారు కదా. టౌన్లో మసీదు పక్కన ఉంటున్నవాణ్ణి, నాకు తెలుసని చూపించుకోవాలనిపించింది. అమ్మ పైట చెంగుతో నోరు తుడుచుకుని, "సరే నాయనా, తెలిసినోనివి, నువ్వు చెప్తే ఇంగేముండాది" అనింది. ఆ సంగతి నాకు చెప్పింది ఏ మసీదు హజరతో కాదక్కా. టీ అంగడి దగ్గర ఎవరో అంటుంటే విన్నాను.

ఇక్కడికొచ్చి నేనూ అదే పాటించాను. పగలు సరే, సహరీ అయ్యాక కూడా నిద్రమత్తులో బ్రష్ ముట్టలేదు. పక్క మెషిన్ వాడు ముక్కుకు కర్చీఫ్ కట్టుకున్నాడు. రాత్రి తరావీ నమాజులో నా భుజం పక్కన నిలబడిన పెద్దాయన మరుసటి రోజు వేరే వరసకు పోయాడు. నా భక్తి వీళ్ళకు తెలియడం లేదని లోపల గర్వపడ్డాను చూడు, అంత తెలివి నాది. తర్వాత దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. ఇఫ్తార్ అయ్యాక లవంగం పెట్టాను, నొప్పి మాత్ర నలిపి చిగురు మీద అద్దాను. చిగురు కాలి తెల్లగా బొబ్బ లేచింది.

నమాజుకు ముందు ముఖం, కాళ్ళూచేతులూ కడుక్కునే వజూ దగ్గర మా మసీదు హజరత్ నన్ను గమనించారు. "ఏంది ఖాసిం, నోట్లో నీళ్ళు పోసుకోకుండా వజూ చేస్తాండావు?" అని అడిగారు. రోజా పోతుందని చెప్పి, కస్తూరి మాట కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"కడుపు ఖాళీగా ఉంటే వచ్చే వాసన వేరప్పా, పన్ను కుళ్ళితే వచ్చే వాసన వేరు. నీ కుళ్ళు తీసుకపోయి దేవుని మీద పెట్టొద్దు. మిస్వాక్, పళ్ళు తోమే పుల్ల, మన ప్రవక్తకు ఎంత ఇష్టమో తెలుసునా నీకు? రోజాలో గూడా పుల్ల నమలొచ్చు, రసం మింగకుంటే చాలు. పేస్టు గొంతులోకి జారుతాదేమోనని పగలు వద్దంటాము, సహరీకి, ఇఫ్తార్‌కు తోముకో. ముందు డాక్టర్ కాడికి పో."

పళ్ళ డాక్టరమ్మ నోరు తెరవమని కన్నడంలో "బాయి తెగీరి" అంది. నోరు తెరవాలంటే ఎంత సిగ్గేసిందో చెప్పలేను. కళ్ళు మూసుకుని తెరిచాను. "లవంగం నొప్పిని రవ్వంతసేపు మొద్దు చేస్తాది, లోపలుండే చీమును తియ్యదు. మాత్ర మింగేదానికప్పా, చిగురుకు పూసేదానికి కాదు" అంది. పన్ను నిలబెట్టే దశ దాటిపోయిందని పీకేసింది.

ఆ సాయంత్రమే, అంటే నిన్న, నీ ఫోన్ వచ్చింది. అమ్మ చెంప వాచిందని, లవంగం వద్దంటోందని, మాత్ర వద్దంటోందని చెప్పావు. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలుసు.

అమ్మతో మాట్లాడాను కదా, పెద్దవాళ్ళకు మాఫీ ఉంది, రోజా వదిలి డాక్టర్‌కు చూపించుకో అన్నాను. ఆమె ఏమందో నువ్వూ విన్నావు. "నామీద పాశంతో అంటాండావులే. నువ్వు చెప్పినాక నేను పుల్ల ముట్టలే నాయనా, నోట్లో నీళ్ళు గూడా పోసుకోలే" అనింది. అంత నొప్పిలోనూ ఆ గొంతులో సంతోషం ఉంది, కొడుకు మాట నిలబెట్టానని. బావ, పిల్లలు చుట్టూ ఉన్నారు, నువ్వు స్పీకర్ వేశావు. నేను తప్పు చెప్పానమ్మా అనే ఒక్క మాట నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. నోట్లో దూది ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ మాట చెబితే తప్ప అమ్మ కదలదు. అందుకే రాస్తున్నాను. ఇది గట్టిగా చదువక్కా.

అమ్మా, నేను నీకు అబద్ధం చెప్పాను. తెలియక చెప్పాను, తెలిసినట్టు చెప్పాను. నువ్వు చిన్నప్పటి నుంచి చేస్తున్నదే సరైనది. జబ్బు చేసినవాళ్ళు రోజా విడిచి, నయమయ్యాక దానికి బదులు కజా రోజా ఉండొచ్చని హజరత్ చెప్పారు. దేవుడు నిన్ను ఏడిపించడానికి రోజా పెట్టలేదు. నిన్ను ఏడిపించింది నేను.

అక్కా, రేపు పొద్దున్నే అమ్మను సిరుగుప్పకు తీసుకుపో. వాపు మెడకు దిగినా, జ్వరం తగిలినా తెల్లారేదాకా కూడా ఆగొద్దని డాక్టరమ్మ చెప్పింది. అంతవరకు గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమను. ఇది నా మాట కాదు, డాక్టరమ్మ మాట, నమ్మమను.

నాకు జొన్నరొట్టె నమిలే యోగం ఇప్పట్లో లేదు. మెత్తగా దంచిన సెనక్కాయల పొడి ఉంటే మస్తానప్ప తిరిగొచ్చేటప్పుడు పంపు. బావకు సలాం, పిల్లలకు ముద్దులు. పక్కింటివాళ్ళకు కూడా ఈ ఉత్తరం వినిపించు. వాళ్ళ ముందే కదా లాక్కున్నాను.

అమ్మకు నయమైనాక, మన పెరటి చెట్టుదే ఒక లేత పుల్ల విరిచి ఆమె చేతిలో పెట్టి నాకు ఫోన్ చెయ్యి. ఎవరూ ఏమీ మాట్లాడొద్దు. ఆమె నమిలే చప్పుడు వినిపిస్తే చాలు.

మీ అందరి దువా కోరే,
ఖాసిం