బీడులో విష్ణుక్రాంత

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. మన క్వార్టర్ల వెనక బీడులో శివరాత్రి దాటంగనే విష్ణుక్రాంత మళ్లీ నీలంగా పూసింది. ఏ పువ్వు ఏ రోజు పూసిందో నువ్వు రాసిపెట్టే నోటుబుక్కు ఇప్పుడు నేనే రాస్తున్న. ఇయ్యాల రాద్దామని పోతే, డోజర్ సగం బీడు గీకేసింది. పార్కు చేస్తరట. లారీల గడ్డి కొనుక్కొచ్చి పరుస్తరట!

"పిచ్చిగడ్డే కదమ్మా, జర జరుగు" అన్నడు కాంట్రాక్టరు.

"ఉన్న గడ్డి పీకేసి గడ్డి కొనేటోన్ని ఏమనాలె బిడ్డా?" అన్న. డ్రైవర్ కిసుక్కున నవ్విండు. కాంట్రాక్టరు నవ్వలే.

నువ్వు ఎన్నడూ ఎవ్వరినీ తొక్కనియ్యని ఆ పూల ముందే చాప ఏసుకొని కూసున్న. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట, నడుమ నడుమ ఇదంతా నీకు రాస్తున్న. డోజర్ ఆగే ఉన్నది. చాప మీద సగం జాగ నీకు ఉంచిన.