గట్టిమేళం దగ్గర తెగిన తోడి

నాదస్వరం పెద్దాయనా,

నీ మీద కోపంతోనే రాస్తున్నాను. నేను పుట్టకముందే పోయావు. రికార్డింగు అంటే నీకు గిట్టదట. నాకు మిగిలింది పెనుకొండలో మా అమ్మానాయనల పెళ్ళికి నువ్వు వాయించిన క్యాసెట్టు ఒక్కటే. ధర్మవరంలో మగ్గం నేస్తూ అదే విని పెరిగాను. తోడి రాగం పైపైకి ఎక్కుతుంది. ఇంకొక్క మెట్టు ఉందనగా పురోహితుడు "గట్టిమేళం!" అని అరుస్తాడు. అంతే, రాగాన్ని సగంలో తుంచేసి డోళ్ళతో కలిసి హోరెత్తిస్తావు. తాళి కట్టేటప్పుడు ఎవరైనా తుమ్మితే వినపడకూడదని ఆ హోరు. తుమ్ముకు భయపడి తోడిని చంపావు!

ఆ మాటంటే అమ్మకు నవ్వు. "ఆయప్ప ఆడ ఆపకుంటే నాకు పెండ్లి యాడిది, నువ్వు యాడుంటివి?"

నేనైతే చచ్చినా ఆపనని ఒట్టు పెట్టుకుని నాదస్వరం నేర్చుకున్నాను. నిన్న హిందూపురంలో మా అక్క పెళ్ళికి నేనే వాయించాను. అదే తోడి, అదే మెట్టు. పురోహితుడు చెయ్యెత్తాడు. నేను ఆపలేదు. బావ తాళి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"రేయ్, ఈడ ముహూర్తం దాటిపోతాండాది!" అని నాయన కేకేశాడు. అయినా ఆపలేదు.

అప్పుడు ముందు వరసలో ఒకాయన కళ్ళు చికిలించి, నోరు తెరిచి, ముక్కు పట్టుకున్నాడు. అక్క మొహం చూశాను. మరుక్షణం గట్టిమేళం ఎత్తుకున్నాను.

ఆయన తుమ్మాడో లేదో ఎవరికీ వినపడలేదు. నా తోడి కూడా సగంలోనే పోయింది. దానికీ నిన్నే తిట్టుకుంటున్నాను.