బారులో పోలేరమ్మ పాట

బెంగళూరు,
మంగళవారం పొద్దున.

సౌభాగ్యవతి పోలేరమ్మకు,

నీ మొగుడు కుప్పయ్య రాస్తున్నాడు. ఇక్కడ నేను, మన మనవరాలు నవీన ఒంట్లో బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, ఎనుము, దాని దూడ బాగున్నారని అనుకుంటున్నాను. నీ నోరు ఎప్పుడూ బాగానే ఉంటుంది కాబట్టి దాని క్షేమం అడగడం లేదు.

నీ ఉత్తరం అందింది. నువ్వు ఐదు చదివావు, నేను మూడుతో బడి ఎగ్గొట్టాను. ఆ సంగతి నీ దస్తూరీ చూస్తేనే తెలిసిపోతుంది. అంత గుండ్రంగా రాసింది చూసి కడుపు మండింది. నా అక్షరాలు దూడ తొక్కిన మడిలాగా ఉంటాయి, సర్దుకో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మాటకు మాట అడ్డం తగులుతావు. ఉత్తరంలో నా మాట చివరిదాకా పోతుంది.

మోకాలు ఎట్లుందని అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. మందు ముట్టానా అని అడిగావు. ముట్టలేదు. నీ తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి వచ్చాను కదా, నీ తలకు ఏమీ కాలేదంటే నేను ముట్టనట్టే. నిమ్మసోడా తాగాను. దాని ధర చెబితే నువ్వు మజ్జిగ కూడా మానేస్తావు. నవీన నీకు ఫోన్ చేయడం ఎందుకు మానేసిందని కూడా అడిగావు. అది కొంచెం తర్వాత చెబుతాను, ముందు మిగతావి చెప్పనీ.

పిల్ల పొద్దుగూకినాక ఏం చేస్తుందో చూసి రమ్మనే కదా నన్ను పంపావు. పగలు కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. శనివారం సాయంత్రమైతే చర్చి స్ట్రీట్ అనే వీధిలో ఒక బారులో పాట. వీధి పేరు విని, చెప్పులు ఎక్కడ విడవాలని అడిగాను. పిల్ల పొట్ట పట్టుకొని నవ్వింది. రాళ్ళు పరిచిన వీధి అది. అడుగుకొక బారు, బారుకొక పాట. ఒక చోట పెద్ద పెద్ద రాగి అండాల్లో బీరు అక్కడికక్కడే కాస్తున్నారు. అచ్చం మన కొండ కింద సారా బట్టీలాగే ఉంది, కాకపోతే ఎవరూ పారిపోవడం లేదు.

ఇంకో మేడ మీద తెల్లగడ్డం ఆయన వంకర బూర ఒకటి ఊదుతున్నాడు. వయసు నాదే ఉంటుంది. ఆయన ఎదురుగా ఆడపిల్లలు కళ్ళు మూసుకొని మెల్లగా ఊగుతున్నారు. నేను ఇన్నేళ్ళు గంగజాతరలో పలక డప్పు కొడితే, కళ్ళు మూసుకొని ఊగింది పూనకం వచ్చినవాళ్ళే.

"ఏం తాతా, అట్ట జూస్తాండావు?" అని నవీన అడిగింది.

"ఆయప్పకు జీతం ఎవురిస్తారు?"

"బారోళ్ళే."

"కూడు?"

"అదీ వాళ్ళే."

"నాకు జాతరలో పొట్టేలు తలకాయ ఒకటి ఇస్తా ఉండ్రి. అదీ మీ అవ్వే తినేస్తా ఉండె."

ఇక నవీన వాళ్ళ జట్టు సంగతి. పిల్ల పాడుతుంది. ఇద్దరు గిటార్లు వాయిస్తారు. ఇమ్మానుయేల్ అని తడ నుంచి వచ్చిన పిల్లోడు డప్పులు వాయిస్తాడు. ఒకటి కాదు, చుట్టూ కుండలు పేర్చుకున్న కుమ్మరిలాగా మధ్యలో కూర్చుంటాడు. ఒక మనిషికి అన్ని డప్పులు ఎందుకు? దురాశ కాకపోతే. పైగా మంచివాడు, తిట్టడానికి కూడా సందు ఇవ్వడు. నేను దుప్పట్లో చుట్టి తెచ్చుకున్న పలకను చూసి, "తాతా, మాతో ఒగ పాటకు వాయించు" అన్నాడు. ఆ మాట కోసమే పలకను బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చానని వాడికేం తెలుసు!

ఆ శనివారం తెల్లచొక్కా వేసుకొని పోయాను. మా వంతు వచ్చే ముందు పలక మీద వేలితో తట్టి చూస్తే, తడి గోనెసంచి మీద కొట్టినట్టు ఉంది. ఏసీ చలికి చర్మం సాగిపోయింది. జాతరలో అయితే గడ్డిమంట వేసి కాపుతాము. బారులో గడ్డి ఎక్కడిది? వాసన పట్టుకొని వెనక వంటింట్లోకి పోయాను. రొట్టెలు కాల్చే పొయ్యి ఉంది. వంటాయన కుప్పం వాడు.

"ఏం పెద్దాయనా, ఇది యాడి రొట్టె?"

"రొట్టె కాదప్పా, పలక. రెండు పక్కలా కాపితే గానీ మోగదు."

"నా పొయ్యిలో తోలు కాపితే రొట్టెలు ఎవురు తింటారు?"

"కొంచెం దూరంగానే పట్టుకుంటాలేబ్బా. నీ రొట్టెకు వాసన గూడా రాదు."

వాడిని బతిమాలి, తిప్పి తిప్పి కాపుకొని, పలక కంగుమని మోగేసరికి పరుగున వచ్చాను. వచ్చి చూస్తే నా వంతు లేదు. నా కోసం చూసి చూసి పిల్ల పాట ఎత్తుకుంది. ఎవరి పాట అనుకున్నావు? నీ నాట్ల పాట.

ఉత్త పాట కాదు. నాట్లప్పుడు గట్టు మీద పోయేవాడి కాళ్ళ ముందు మీ ఆడవాళ్ళు నారుకట్ట పెడతారు కదా! వాడి పేరు పెట్టి పాట కట్టి, ఏదో ఒకటి ఇచ్చేదాకా దాటనీయరు కదా! అదంతా చేసింది. బారులో నారు ఉండదు కాబట్టి, నిమ్మసోడాలో వేసే పుదీనా కట్ట ఒకటి తీసుకుంది. వేదిక దిగి ఒక్కొక్క బల్ల దగ్గరికి పోయి, కట్ట ముందు పెట్టి, వాడి చొక్కా మీద, వాడి బట్టతల మీద పాట కట్టింది. వాళ్ళు నవ్వి నవ్వి, ఒకడు తన పళ్ళెంలో చికెన్ ముక్కలు ఇచ్చాడు, ఒకామె లేచి వంత పాడింది. సగం మందికి తెలుగు రాదు. అయినా మడిలో కూలోళ్ళకంటే గట్టిగా "ఓ" అన్నారు.

అంతసేపూ నేను పలక పట్టుకొని వంటింటి వాకిట్లోనే నిలబడ్డాను. పిల్ల చూసింది. నేరుగా వచ్చి పుదీనా కట్ట నా కాళ్ళ ముందు పెట్టి ఎత్తుకుంది.

"పలక మోసే మామకేమో పనికి సేతుల్లేవంట,
పంతి అన్నం కాడ సూడు పది సేతులు మొలిసెనంట!"

అది నువ్వు నా మీద కట్టిన పాటే కదే! హాలు హాలంతా నన్ను చూసి నవ్వింది. ఇవ్వడానికి నా చేతిలో వేడి పలక ఉంది. ఒక్క దెబ్బ కొట్టి ఉంటే సరిపోయేది, ఆటలో కలిసిపోయేవాణ్ణి. కొట్టలేదు. కట్ట దాటుకొని బయటికి పోయి, రాళ్ళ వీధిలో కూర్చున్నాను. లోపల చప్పట్లు. నాలుగు ఊర్లలో పలక కొట్టి తిరిగింది నేను. మడి దాటి ఎక్కడా పాడని నీకు చప్పట్లు.

పాట అయినాక, ఆ బారులో కచేరీలు చూసుకునే పిలకజుట్టు ఆయన, ఈ పాట కట్టిందెవరని అడిగాడంట. మా అవ్వ అని పిల్ల చెప్పింది. అయితే పిలిపించు, ఒక శనివారం ఆమె చేతనే పాడిద్దాం అన్నాడు. ఇంటికి వచ్చినాక నవీన నా పక్కన కూర్చుంది. "నేను పిలిస్తే బారని భయపడతాది తాతా. నువ్వు చెప్తే వస్తాది. అడుగు" అంది.

ఇప్పుడు చెబుతున్నాను పోలేరా, కాగితం చించేయకుండా చదువు. నేను నిన్ను అడగలేదు. అడిగానని పిల్లతో చెప్పాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "తాగుబోతుల ముందర పాడేదా నా పాట? ఆ పిల్ల ముఖం ఎట్ట జూసేది అనింది మీ అవ్వ" అని నువ్వు అననివన్నీ కల్పించి చెప్పాను. అప్పటినుంచే పిల్ల నీకు ఫోన్ చేయడం లేదు. నువ్వేమో అక్కడ, పిల్లకు నేను బరువైపోయానా అని రాశావు. మొన్న శనివారం జనం ఆ పాటే కావాలని అడిగితే, "అది నాది కాదు, ఇంక పాడను" అంది. నేను మొదటి వరసలోనే ఉన్నాను. ఆ పాట మూగపోవాలనే కదా కోరుకున్నాను. మూగపోతే ఇంత చెడ్డగా ఉంటుందని తెలియదు.

ఇంతవరకు రాసి లేచాను. పిల్ల ఆఫీసుకు పోతూ చెప్పులు వేసుకుంటోంది.

"నవీనా, మీ అవ్వ ఏమీ అన్లేదు."

"ఏంది తాతా?"

"రమ్మని నేను అడగనే లేదు. ఆ మాటలన్నీ నావే."

"ఎందుకట్ట సెప్పినావు?"

"నేను పలక కాపుకొని వచ్చేలోపల సప్పట్లన్నీ ఆయమ్మ దోసుకునింది. ఓర్సలేకపోయినా."

పిల్ల గోడకు ఆనుకొని నిలబడిపోయింది. "అవ్వకు నేనంటే సిగ్గేమో అనుకుంటి తాతా. దినామూ ఫోన్ తీసేది, ఆయమ్మ పేరు జూసి పెట్టేసేది" అంది. వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగింది.

"పిలిసేది నువ్వే పిలువు. ఉన్నది ఉన్నట్టు రాసి పిలువు. అవ్వ వస్తే నువ్వు పలక ముట్టుకోగూడదు. ముందు కుర్సీలో కూసోని వినాల. లేసి పోతే మాత్రం నీతో మాట్లాడను."

అందుకని పిలుస్తున్నాను. ఈ శనివారం కాదు, వచ్చే శనివారం. ఎనుమును పక్కింటి గ్రేసీకి అప్పజెప్పు. చిత్తూరులో బస్సెక్కి ఇక్కడి పెద్ద బస్టాండు మెజెస్టిక్‌లో దిగు, నేనూ పిల్లా అక్కడే ఉంటాము. బారని జంకొద్దు. తాగేవాళ్ళు ఉంటారు, నిజమే. నాట్ల మడిలో జలగలు ఉండవా? వాటికంటే వీళ్ళు నయం, చప్పట్లు కొడతారు. వచ్చినాక నన్ను తిట్టాల్సింది ఎంతైనా ఉంటుంది. పిల్ల ముందర సగం తిట్టు, మిగతాది ఊరికి తీసుకుపో.

ఒక సంగతి ఈ ఉత్తరం రాస్తుంటేనే తట్టింది. నీ పాట నేను నిలబడి విన్నది ఎప్పుడూ లేదు. గట్టు మీద పోతూ పోతూ, ఆగితే ఎక్కడ ఇవ్వాల్సి వస్తుందో అని అడుగు పెంచి దాటేసేవాణ్ణి. ఇప్పుడు కుర్చీలో కూర్చోబెడుతున్నారు. దాటిపోయే దారి లేదు. కడుపు మండుతూనే ఉంటుంది, అయినా కూర్చుంటాను. నువ్వు మొదటినుంచి చివరిదాకా పాడు.

ఇట్లు,
నవీనకు తాత, అంతకంటే ముందు నీకు మొగుడు,
కుప్పయ్య