చెవి నెపం, దవడ నేరం

మంగళవారం రాత్రి, లక్సెట్టిపేట

గెలిచాను! ఇవాళ నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టాయి. మొన్నటిదాకా ఒక్క వేలు పట్టడమే కష్టం. నమిలితే చెవి ముందర టక్కుమనేది, ఆవలిస్తే దవడ పట్టేసేది. చెవిపోటనుకుని మా ఇంటామె రోజూ వెల్లుల్లి నూనె పోసింది. (మా బాపు ఆముదమే మేలనేవాడు, అది వేరే కథ.) రోజూ సాయంత్రం ఊళ్లో చెప్పే కథలు ఇక చెప్పలేనేమోనని భయమేసి కరీంనగర్ పోయాను.

చెవి డాక్టరు చూసి పంటి డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె నవ్వింది. "చెవి మంచిగనే ఉన్నది తాతా, దవడ కీలు అలిసింది. వక్కలు బంద్ చెయ్. నోరు తెరుచుడు కష్టమైననాడే రావద్దా?"

వక్క మానాను, మెత్తటి అన్నం తిన్నాను, కాపడం పెట్టుకున్నాను. ఈ సాయంత్రం బెల్లంపల్లి బొగ్గుబాయి దయ్యం కథ ఆగకుండా చెప్పాను.

మా ఇంటామె నూనె సీసా తీసింది. "మిగిలింది ఇగ నా చెవులల్ల పోసుకుంట."