చైనా వైద్యం డాక్టరు అడిగింది

నాయనా, నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాదయింది. అమ్మకు భుజం పైకి లేస్తాలేదని నిన్న అనంతపురం పిల్చుకపోయినాను. ఆడ ఒక డాక్టరు చైనా వైద్యం నేర్చుకొచ్చి సూదులతో నొప్పులు తీస్తాండాడు.

ఆయన అమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి కండ్లు మూసుకున్నాడు. అచ్చం మన ఊరు గోరంట్లలో నువ్వు నాడి చూసినట్టే. ఒంట్లో ప్రాణశక్తి పారే దారులుంటాయని, అవి యాడ మూసుకపోతే ఆడ నొప్పి పుడుతుందని చెప్పినాడు.

"ఇదంతా ఆ చైనావోళ్లకెట్ల తెలిసింది సామీ?" అనింది అమ్మ.

"వేల ఏండ్లుగా చూసింది చూసినట్టు రాసిపెట్టుకున్నారమ్మా. తప్పులుంటే తర్వాతోళ్లు దిద్దినారు."

"వీళ్ల నాయన గూడా నాడి చూసేటోడు. నేను చెప్తా, రాసుకోరా అని వీన్ని శానాసార్లు అడిగినాడు."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. నేను బడిలో సైన్సు చెప్పే అయ్యవారిని, ఇట్లాంటివి రాయనని నీ మొగం మీదనే అంటిని.

"ఆయన చెప్పింది ఏమన్నా గుర్తుండాదా?" అని డాక్టరు నన్నడిగినాడు.

ఎంత తలుచుకున్నా ఒకటే గుర్తొచ్చింది. రోగి చెయ్యి పట్టుకునే ముందు నువ్వు అరచేతులు రుద్ది వెచ్చజేసుకునేటోనివి. అదే చెప్పినాను.

ఆయన కాగితం తీసుకుని రాసుకున్నాడు.