ఆది లేని ప్యాంటు

2 డిసెంబర్ 1974, సోమవారం

క్రిస్మస్ సెలవుల్లో హైక్. నిజంగానే. బాటనీ మేడం నాగమణిగారు కొంతమంది ఆడపిల్లల్ని తీసుకుని దిగువమెట్టలో రైలు దిగి, మూడు రోజులు నల్లమలలో నడిపిస్తారట. ఎవరి సామాను వాళ్ల వీపు మీదే. అందరికంటే ముందు నా పేరే ఇచ్చాను. ఇంట్లో అడగలేదు.

మేడం షరతు ఒకటే. ప్యాంటు ఉండాలి. వోణీలు, చీరల్లో వచ్చినవాళ్లని స్టేషన్ నుంచే వెనక్కి పంపేస్తానన్నారు. పోయినేడు ఒకమ్మాయి పరికిణీ కంపకు చిక్కుకుని లోయ అంచున కూలబడిందట.

సాయంత్రం మిద్దె ఎక్కాను. పడమట కొండలు నీలంగా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నీలం. దగ్గరికి పోతే అది ఆకుపచ్చగా మారిపోతుందని భూగోళం టీచర్ చెప్పింది. నేను నమ్మలేదు. ఎక్కడో ఒకచోట నీలం చేతికి అంటుతుంది.

3 డిసెంబర్

నాయనతో యుద్ధం.

అడివికి పోమ్మా, మేడం ఉంది గదా, నేనేం వద్దనలా అన్నాడు. ప్యాంటేంది, రేపు బజార్లో మొకమెట్ల ఎత్తుకోవల్ల అన్నాడు. నేను దాచుకున్న స్త్రీ విముక్తి కరపత్రాల్లో ఒకటి తీసి గట్టిగా చదివాను: "స్త్రీ నడకను ఆమె కాళ్లు కాదు, ఆమె దుస్తులు నిర్ణయిస్తున్నాయి." నాయన చివరిదాకా విన్నాడు. కళ్లద్దాలు పంచె కొసతో తుడుచుకున్నాడు. ఇది అచ్చేసినాయన ఇంట్లో ఆడోళ్లు ఏం కట్టుకుంటారో కనుక్కోని రాపో అన్నాడు.

కంచం ముందు నుంచి లేచిపోయాను. అన్నం మీద కోపం చూపడం ఫ్యూడల్ లక్షణం. తెలుసు. అయినా లేచాను.

కాసేపటికి నాయనే పిలిచాడు. సరే, పిచ్చయ్య కుడ్తానంటే నేనే బట్ట చించిస్తా, ఇది మాట అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

4 డిసెంబర్

ఆ నవ్వు అర్థమైంది.

పిచ్చయ్య మామ మిషను మా బట్టల దుకాణం అరుగు మీదే ఉంటుంది. మగవాళ్లకు టేపు పెట్టి కొలుస్తాడు. ఆడవాళ్లకు టేపు పెట్టడు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆది ఇస్తే దాన్ని చూసి కొత్తది కుడతాడు. ఊరంతా అంతే.

కుడ్తా తల్లీ, ఆది తెచ్చియ్యి అన్నాడు.

గిద్దలూరు, రాచర్ల, కొమరోలు జల్లెడ పట్టినా ఆడదాని ప్యాంటు ఒక్కటైనా దొరుకుతుందా? టేపు పెట్టి కొలువు మామా, నేనేమీ అనుకోను అన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని రోడ్డు వైపు తిరిగిపోయాడు. నా ఇంటిదే నాకు ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకుంటదమ్మా, నువ్వెంత అన్నాడు.

స్టూలు తన్నాను. కాలి వేలు వాచింది.

5 డిసెంబర్

ప్రపంచంలో మొట్టమొదటి జాకెట్టుకు ఆది ఎవరిచ్చారు?

8 డిసెంబర్, తెల్లవారుజాము

బ్యాగు దొరికింది. మిలిటరీ నుంచి వచ్చేసిన గిద్యోను మామ తన పాత కాన్వాస్ బ్యాగు ఇచ్చాడు. బరువైనవి అడుగున కాదు, వీపుకు ఆనించి పైన పెట్టాలట. లేకుంటే ఎవురో ఎనకనించి గుంజినట్టు ఉంటదమ్మే అన్నాడు. బూట్లు కూడా అయ్యాయి, బడిపిల్లల తెల్ల కాన్వాస్‌వి. ఆడవాళ్ల సైజు అడిగితే షాపువాడు చెప్పులు చూపించాడు.

బ్యాగు నిండా శనగలు పోసుకుని మిద్దె మీద నడుస్తున్నాను. చీకటి ఇంకా పలచబడలేదు. పట్టీలు భుజాల్లోకి దిగుతున్నాయి. కళ్లు మూసుకుంటే మిద్దెకు పిట్టగోడ లేదు, అంచు లేదు, అటు నడిస్తే వెదురుపొదలు. ఎవరో ముందు నడుస్తున్నారు. నేనేనేమో.

అమ్మ కింద నుంచి అరిచింది. శనగలు నేను నానబోయ్యాలే, దిగు అని.

10 డిసెంబర్

లెక్క చూశాను. హైక్ రెండో రోజుకు బహిష్టు. మేడం చెప్పిన సామానులో గుడ్డల మాట లేదు. నా కరపత్రాల్లో ఒక్కదానిలోనూ లేదు. విప్లవం నెలకు మూడు రోజులు సెలవు తీసుకుంటుంది కాబోలు. పాత మెత్తటి పంచె చింపి మడతలు పెట్టి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టాను. దాచను.

12 డిసెంబర్

ఆది నేనే చేశాను!

మైదా ఉడికించి జిగురు చేశాను. కరపత్రాలన్నీ తీసి ఒకదానికొకటి అంటించి, కాళ్లకు చుట్టుకున్నాను. నడుము నుంచి మడమ దాకా. నా అంతట నేను అంటించుకోలేకపోతుంటే అమ్మ తలుపు గడియ పెట్టి వచ్చింది. కొలిచి, నొక్కి, అంటించింది. మోకాలి దగ్గర ఆగి కూడబలుక్కుని చదివింది: "లే-వం-డి, సో-ద-రీ-మ-ణు-లా-రా." ఎంతసేపు లేచి నిలబడతావు, కాళ్లు నొప్పి పుట్టవా అంది.

ఆరాక కత్తిరించి తీశాం. నేను లేకుండానే నా కాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డాయి.

పిచ్చయ్య మామ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆది ఆదే అన్నాడు. నాయన మాట తప్పేవాడు కాదు. ఖాకీ డ్రిల్లు చించి ఇచ్చాడు. నవ్వలేదు.

17 డిసెంబర్

వచ్చింది. వేసుకున్నాను. అద్దంలో నాకు కాళ్లున్నాయి. రెండు. ఇన్నేళ్లూ ఒకటే గుడ్డలో కలిసి బతికినవి విడివిడిగా ఎంత పొడుగున్నాయో! గదిలో అటూ ఇటూ నడిచాను. గాలి మోకాళ్ల మధ్య నుంచి పోయింది.

కూర్చున్నాను. పర్రుమంది. ముందు నుంచి వెనక దాకా.

నిలబడి చేసిన ఆది కదా. మా ఇద్దరికీ కూర్చోవడం గుర్తు రాలేదు. ఆది ఎట్లా ఉంటే అట్లా కుట్టడమే పిచ్చయ్య మామ నీతి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను ఏడ్చాను.

18 డిసెంబర్

చించిస్తానన్నా, చించిచ్చినా, నా మాట అయిపాయె అన్నాడు నాయన. ఇంక వోణీలో పో, నేనొచ్చి మీ మేడానికి చెప్తా అన్నాడు. నేను పోనే పోను అన్నాను. బ్యాగు గుమ్మరించాను.

20 డిసెంబర్

మిద్దె ఎక్కలేదు. కొండలు నన్ను చూడకూడదు.

21 డిసెంబర్, పొద్దున

ఇది రాయకుండా ఉండలేను.

మా అమ్మ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి దుకాణంలోకి ఇంటి వైపు తలుపు నుంచే వస్తుంది. ఈరోజు నాయన అగరొత్తి వెలిగించే వేళకు వీధి వైపు నుంచి మెట్లెక్కింది. చేతిలో చినిగిన ప్యాంటు. నాయన తలెత్తకుండానే, రాండమ్మా, ఏం చూపమంటారు అన్నాడు. ఖాకీ డ్రిల్లు అంది అమ్మ. అప్పుడు చూశాడు.

సుబ్బులూ, ఏంది ఈ ఆట, లోపలికి పో అన్నాడు. బేరానికొచ్చినా, బోణీ వాపసు పంపుతావా అని కొంగు ముడి విప్పింది. మా ఇంట్లో ఏ తరంలోనూ బోణీ బేరాన్ని ఒట్టిచేతులతో పంపలేదు. పంపితే ఆ రోజంతా దుకాణం ఒట్టిపోతుందని నమ్మకం. మూఢనమ్మకాల మీద నా దగ్గర కరపత్రం కూడా ఉండేది. ఇప్పుడది నా ఎడమ తొడ.

నాయన చాలాసేపు అగరొత్తి వైపు చూశాడు. తర్వాత ఖాకీ తాను అరలోంచి దింపి కొలిచాడు. బట్ట చినిగిన చప్పుడు వీధి దాకా వినిపించింది.

పిచ్చయ్య మామ చినిగిన ప్యాంటు అందుకున్నాడు. ఇది ఆడమనిషి ఏసుకున్నదే గదా, ఇప్పుడైతే సరైన ఆది అన్నాడు. కూచోను చోటు ఇడ్సు అన్నా అని అమ్మ చెప్పింది. నాకోసం ఎవరైనా ఇంత చిన్న మాట, ఇంత పెద్ద మాట అడిగారా?

27 డిసెంబర్, రైల్లో

చేతిరాత ఊగుతోంది.

పొద్దున ప్యాంటు వేసుకుని, బ్యాగు తగిలించుకుని దుకాణం ముందుకు వచ్చాను. ఎదురు కొట్టు రంగయ్య మామ పళ్లు తోముకుంటూ, ఏం రామలింగయ్య బావా, నీకు కొడుకెప్పుడు పుట్టినాడు అన్నాడు. బజారంతా నవ్వింది. నా చెయ్యి రాయి కోసం వెతికింది.

నాయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచాడు. మా దుకాణం డ్రిల్లే బావా, ఉతికినా రంగు పోదు, కూచుంటే చినగదు, నీకొకటి చించమంటావా అన్నాడు. మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు రంగయ్య మామ మీదికి పోయింది.

నాయన నా వైపు చూడలేదు. బ్యాగు పట్టీ ఒకటి మెలికపడితే సరిచేశాడు.

28 డిసెంబర్. గంట తెలీదు.

ఒక రాయి మీద కూర్చున్నాను. పర్రుమనలేదు. చుట్టూ ఆకుపచ్చ. నీలం ఇంకా ముందుకు జరిగిపోయింది. ఎంతసేపయిందో. ఎవరూ లెమ్మనలేదు.